అభిమానం షావుకారు మీద, ఆర్డరు ఫోన్లో

(విజయనగరంలో బట్టల కొట్లు, కిరాణా కొట్లు నడుపుతున్న వర్తకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. షట్టరు దించి, గల్లాపెట్టె లెక్క చూసుకుని, భోజనం కూడా చెయ్యకుండా ఇటే వచ్చినవాళ్లు సగం మంది ఉంటారు. అందుకని మర్యాద మాటలు తగ్గించి విషయంలోకి వచ్చేస్తాను.

వర్తకులు నలుగురు కూడిన ప్రతిచోటా ఒక మాట వినబడుతుంది. ‘తాతల నాటి నుంచి మన దగ్గరే కొనే ఇల్లండీ. పెళ్లి బట్టలు మన దగ్గరే తీశారు, బారసాలకి మన దగ్గరే తీశారు. ఇప్పుడేమో వాళ్ల గుమ్మంలో రోజుకో పార్సిలు దిగుతోంది. జనానికి అభిమానం లేదు.’ అభిమానం ఎక్కడికీ పోలేదండీ. ఆ ఇంటి ఇల్లాలు గంటస్తంభం దగ్గర మీరు కనబడితే ఇవాళ కూడా ఆగి, పిల్లలెలా ఉన్నారని అడిగే వెళ్తుంది. మీ కొట్టంటే ఆవిడకి ఇష్టమే. ఆ ఇష్టం ఉండబట్టే కొన్ని వస్తువులు మీ దగ్గర కొనలేక ఫోన్లో కొంటోంది. తిరకాసుగా ఉంది కదా? ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ తిరకాసు గురించే.

కొట్టు మీద మమకారాన్ని శాస్త్రంగా చూడటం కొత్తేమీ కాదు. 1954లో గ్రెగరీ స్టోన్ అనే సామాజిక శాస్త్రవేత్త షికాగో గృహిణులతో మాట్లాడి, కొనేవాళ్లలో నాలుగు రకాలున్నాయన్నాడు. ధర, నాణ్యత, ఎన్ని రకాలు దొరుకుతాయి, ఇవే చూసేవాళ్లు ఒకరు. కొట్టువాడు తనని గుర్తుపట్టి పలకరించాలని కోరుకునేవాళ్లు రెండో రకం. పెద్ద దుకాణాలకి పోతే చిన్నవాడి పొట్ట కొట్టినట్టవుతుందని పట్టుబట్టి చిన్న కొట్టుకే వెళ్లేవాళ్లు మూడో రకం. ఏదైతేనేం, దగ్గరగా ఉంటే చాలనేవాళ్లు నాలుగో రకం. మూడు లాంతర్ల దగ్గర ఒక పూట నిలబడితే ఈ నాలుగు రకాలూ మనకీ కనబడతాయి. కాకపోతే మన ఊళ్లో ఒకే మనిషిలో నలుగురూ ఉంటారు. పెళ్లి చీరకి ఆవిడ రెండో రకం, ఫోను ఛార్జరుకి మొదటి రకం, బట్టల సబ్బుకి నాలుగో రకం. ‘మా పాత కస్టమరు’ అని మనం అనుకునేది ఆ మనిషిలో పావు భాగాన్నే.

స్టోన్ లెక్కలో లేనిది, మన భాషలో బాగా ఉన్నది ఇంకో మాట ఉంది. మొహమాటం. తెలియని చోట మొహమాటం తక్కువ, తెలిసినచోటే ఎక్కువ. అభిమానం పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. ఫోన్లో కొనడంలో అసలు సుఖం ధర ఒక్కటే అనుకుంటాం. నా లెక్కలో ధర కన్నా పెద్ద సుఖం వేరే ఉంది: అక్కడ ఎవరి మొహమూ చూడక్కర్లేదు. రాత్రి పదకొండు గంటలకి రెండు వందల చీరలు చూసి, ఏదీ కొనకుండా ఫోను పక్కన పెట్టి పడుకోవచ్చు. మన కొట్లో ముప్పై చీరలు విప్పించాక ఏమీ కొనకుండా మెట్లు దిగడం ఎంత కష్టమో ఆడవాళ్లని అడగండి.

మొహమాటం ఎక్కడెక్కడ పుడుతుందో చూద్దాం.

బట్టల కొట్లో ముందు పుట్టేది పరుపు మీద. చెప్పులు విడిచి, తెల్ల దుప్పటి మీద కూర్చుని, చేతికి కాఫీ వచ్చాక సగం బేరం అయిపోయినట్టే. మనకది మర్యాద. ఆవిడకి మర్యాదే, దాంతోపాటు అప్పు కూడా. ఆపైన గుమస్తా, ‘ఇంతసేపు చూసి ఏమీ తీసుకోకుండా వెళ్తారేంటమ్మా’ అంటాడు. ప్రేమగానే అంటాడు. కేంద్రం 2023 నవంబరు 30న ఆన్‌లైన్ కంపెనీల మోసపు ఎత్తుగడల మీద మార్గదర్శకాలు తెచ్చింది. అందులో 13 రకాలు రాశారు. ‘వద్దు’ అనేవాళ్లని సిగ్గుపడేలా చేసి కొనిపించడం అందులో ఒకటి. లేని తొందర పుట్టించడం మరొకటి. అంటే, ‘ఈ డిజైనులో ఇదొక్కటే మిగిలిందమ్మా’. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, యాప్ చేస్తే తప్పన్నది మన గుమస్తా చేస్తే నేర్పు అనిపించుకుంటోంది.

దీనికి ఏం చెయ్యాలి? కాఫీ మానెయ్యమనడం లేదు. కాఫీ ఆవిడ మెట్లు ఎక్కగానే ఇవ్వండి, ముప్పయ్యో చీర దగ్గర కాదు. ముందు ఇచ్చింది ఆతిథ్యం, తర్వాత ఇచ్చింది ఒత్తిడి. చీరలు విప్పడానికి ముందు మూడు సంగతులు అడగండి: ఎవరికి, ఎంతలో, పోయినసారి తీసుకున్నది ఎలా ఉంది. మూడు జవాబులూ వచ్చాక ఐదు చీరలు వెయ్యండి. ముప్పై విప్పితే రకాలు ఎక్కువున్నాయని ఆవిడ మురిసిపోదు, మడత పెట్టే కుర్రాణ్ణి చూసి బెంగపడుతుంది. ఏమీ కొనకుండా లేస్తే గుమస్తా అనాల్సింది ఒకే మాట: ‘మంచిదమ్మా, వెళ్లి రండి.’ ఆ మాట మొహం మాడ్చుకోకుండా అనడం రావాలి. వారం రోజులు నేర్పితే వస్తుంది.

ధర చీటీ ఇంకో చిక్కు. చాలా కొట్లలో ఇప్పటికీ చీటీ మీద అంకె ఉండదు, గుర్తు అక్షరాలుంటాయి. అది మన సౌకర్యం. కొనేవాళ్లకి మాత్రం ‘మొహం చూసి రేటు చెప్తారు’ అన్న అనుమానం. ఫోన్లో అంకె కనబడుతుంది, అడగక్కర్లేదు. మన కొట్లో అడగాలి, విన్నాక ఎక్కువనిపిస్తే, పక్కన తోడికోడలుండగా ‘అంత వద్దు’ అనాలి. అక్కడే నోరు పెగలదు. అక్షరాలు మీ లెక్క కోసం ఉంచుకోండి, కింద అంకె వెయ్యండి. పెట్టుబడి చీరలకి మరీ ముఖ్యం. ఆషాఢం సారెకి పాతికో ముప్పయ్యో తీసేవాళ్లకి ఒక్కో చీర మీద యాభై తేడా కూడా కలిపితే పెద్దదే.

అన్నిటికన్నా గట్టి మొహమాటం వాపసు దగ్గర. ఆన్‌లైన్‌లో బటన్ నొక్కితే కుర్రాడొచ్చి తీసుకుపోతాడు, ఎందుకని అడగడు. మన గోడల మీద ఏముంటుంది? ‘ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.’ ఈ బోర్డు గురించి రెండు మాటలు నిలబడి చెప్పాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. లోపం ఉన్న సరుకుని బిల్లు మీద రాసిన గడువులోపల, గడువు రాయకపోతే 30 రోజుల్లోపల వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనంటే, ఆ చట్టం ప్రకారం అది అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ జాబితాలోనే ఉంది. అంటే చిరుగున్న చీర విషయంలో మీ బోర్డు చెల్లదు. ఫిర్యాదుకి 1915 అనే నంబరుందని మీ కస్టమరు పిల్లలకి తెలుసు.

చట్టం సంగతి అలా ఉంచండి. లోపం లేకపోయినా, ‘రంగు నచ్చలేదు’ అని తెచ్చినా, తీసుకునే పద్ధతి ఒకటి పెట్టుకోండి. బిల్లు వెనక అచ్చు వేయించండి: 7 రోజులు, ట్యాగు తియ్యకూడదు, ఫాల్ కుట్టకూడదు, జాకెట్టు ముక్క కత్తిరించకూడదు. వీటికి లోబడితే మార్పిడి గానీ డబ్బు గానీ, అది ఆవిడ ఇష్టం. డబ్బు యూపీఐలో వచ్చి ఉంటే అదే ఖాతాకి తిరిగి పంపండి. ఒక సూక్ష్మం: అమ్మిన గుమస్తా చేత వాపసు తీయించకండి. అతని కళ్లలోకి చూడాల్సి వస్తుందనే ఆవిడ రావట్లేదు. గల్లా దగ్గర కూర్చున్న మనిషి బిల్లు చూసి, ‘ఎందుకు’ అని అడగకుండా తీసుకోవాలి. కారణం తెలుసుకోవాలనుంటే బిల్లు మీద నాలుగు గడులు పెట్టండి, రంగు, పొడవు, నాణ్యత, ఇంట్లో వద్దన్నారు అని. ఆవిడే టిక్కు పెడుతుంది. మూడు నెలలకి ఆ టిక్కులు లెక్కపెడితే ఏ మిల్లు సరుకు మానెయ్యాలో మీకే తెలుస్తుంది.

కిరాణా కొట్టుకి వస్తే మొహమాటం పేరు ఖాతా. పాత బాకీ ఉన్నవాళ్లు మీ కొట్టు ముందు నుంచి నడవరు, వెనక సందులోంచి వెళ్తారు. చేతిలో నగదు ఉన్నా సరే, అది ఇంకో కొట్లోనో ఫోన్లోనో ఖర్చు పెడతారు. మీ దగ్గరికొస్తే బాకీ కింద జమ వేసుకుంటారని భయం. అరువు అలవాటు చేసింది అభిమానంతోనే, మనిషిని దూరం చేసిందీ అదే. పాత బాకీకి వేరే పేజీ కట్టండి. ‘ఇవాళ సరుకు ఇవాళ్టి నగదుకి, పాతది మీకు వీలైనప్పుడు నెలకి కొంత’ అని మీరే ముందు చెప్పండి. ఏ ఇంటికైనా ఒక నెల సరుకు విలువ దాటి అరువు పోనివ్వకండి. గుర్తు చెయ్యాలంటే ఆ మనిషి ఒక్కరికే మెసేజ్ పెట్టండి. కొట్లో పదిమంది ముందు ‘ఏటి బాబూ, లెక్క చూద్దామా’ అన్నారంటే ఆ ఇల్లు మళ్లీ రాదు. అన్నట్టు, యూపీఐ డబ్బాని కాస్త చూసుకోండి. పక్కింటావిడ రెండు వేల సరుకు తీసుకున్న వెంటనే ఈవిడ నలభై రూపాయలు కడితే, ఆ డబ్బా వీధి చివర వరకూ చాటుతుంది. దానికి శబ్దం తగ్గించే బటన్ ఉంది.

లోదుస్తులు, నాప్‌కిన్లు, ఇలాంటివి ఫోన్లోకి పోయాయంటే ఆశ్చర్యం లేదు. తెలిసిన మావయ్యని సైజు ఎలా అడుగుతుంది? ఒక మూల అర, సైజులు పెద్ద అక్షరాలతో, ఎవరికి వారు తీసుకునేలా. లెక్క కట్టడానికి ఒక ఆడమనిషి. అంతే. నల్ల కవరు చుట్టడం మాత్రం మానండి, అదే ఊరంతటికీ చెప్పేస్తుంది.

సరే, ఇదంతా తీసెయ్యాల్సిన మొహమాటం. ఇక ఫోను ఇవ్వలేనిది, మీరు ఇవ్వగలిగేది: స్పర్శ. జోయాన్ పెక్, సుజాన్ షూ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో ఒకటి చూపించారు. వస్తువుని చేత్తో ముట్టుకుంటే చాలు, కొనకముందే ‘ఇది నాది’ అన్న భావం పెరుగుతుంది. ముట్టుకునే వీలు లేనప్పుడు, అది తమదైనట్టు ఊహించుకోమన్నా అలాంటి ఫలితమే కనబడింది. మన వ్యాపారంలో ఈ రెండో మాటకి చాలా విలువుంది. ఎందుకంటే మీ పాత ఇళ్ల పిల్లలు ఇప్పుడు ఈ ఊళ్లో లేరు. విశాఖలోనో హైదరాబాదులోనో చెన్నైలోనో ఉన్నారు. పైడితల్లి అమ్మవారి సిరిమానుకో సంక్రాంతికో వస్తారు, మిగతా ఏడాదంతా ఫోన్లోనే కొంటారు. తల్లి మీ కొట్లో, కూతురు వీడియో కాల్‌లో, అలా నడిచే బేరాలు మీరు చూస్తూనే ఉన్నారు. చాలావరకు అవి చెడతాయి. ఎందుకు చెడతాయో చూడండి.

మొదటి తప్పు వెలుతురు. తెల్ల ఎల్‌ఈడీ కింద మెరూన్ చచ్చిపోతుంది. పైగా ఎర్ర చీరతో తెర నిండిపోతే ఫోను తనంతట తాను రంగు సరిదిద్దేస్తుంది, ఎరుపు పేలవంగా వెళ్తుంది. పొద్దున్న పదీ పన్నెండూ మధ్య గుమ్మం దగ్గరికి, ఎండ నేరుగా పడని చోటికి రండి. చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టండి. అటువైపు కాగితం తెల్లగా కనబడితే చీర రంగూ దాదాపు సరిగ్గా వెళ్లినట్టు. సెల్ఫీ కెమెరా వద్దు, వెనక కెమెరా వాడండి. ఫోను స్టాండుకి బిగించండి, కుర్రాడి చెయ్యి వణుకుతుంది.

తర్వాత వరస. ముందు కొంగు మొత్తం పరచండి. తర్వాత అంచు, దాని పక్కన 30 సెంటీమీటర్ల స్కేలు. తర్వాత చీర తిరగేసి లోపలి వైపు చూపించండి. దారాలు వేలాడేది అక్కడే, ఆన్‌లైన్‌ ఫొటోల్లో ఎక్కువగా కనబడనిదీ ఆ వైపే. గుప్పిట్లో ఒక కొస నలిపి వదలండి, ముడత ఎంత నిలిచిందో ఆవిడే చూస్తుంది. ఆఖరికి తూకం వెయ్యండి. నవ్వకండి, చీరని కాటా మీద పెట్టి గ్రాముల్లో చెప్పండి. ముట్టుకోలేని మనిషికి బరువే స్పర్శ. ‘620 గ్రాములమ్మా, పోయిన దసరాకి మీరు తీసుకున్న ఆకుపచ్చ దానికన్నా తేలిక’ అన్నారనుకోండి, ఆ పోలిక ఇంకెవరు చెప్పగలరు? అందుకే ఎవరు ఎప్పుడు ఏం తీసుకున్నారో ఒక పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. పొడవు కూడా కొలిచి చెప్పండి. చీర అయిదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు, కలిపి 6.3 రావాలి. ముక్క చీరతోపాటే వచ్చిందా, విడిగానా అన్నది అడక్కముందే చెప్పాలి.

కాల్ అయ్యాక నచ్చిన రెండింటి ఫొటోలు విడిగా పంపండి. కాల్‌లో నెట్ తగ్గితే బొమ్మ మసకబారుతుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు హెచ్‌డీ బటన్ నొక్కండి, లేకపోతే జరీ అంతా మచ్చలా కనబడుతుంది. ధర ఎవరికి చెప్పాలో ముందే తల్లిని మెల్లగా అడగండి. స్పీకరు మీద ఉన్న ఫోన్లోకి అరిచి చెబితే, డబ్బు కట్టేవాళ్లకీ కట్టుకునేవాళ్లకీ ఇద్దరికీ ఇబ్బంది. ఫాల్, పికో, కొరియరు అన్నీ కలిపి ఒకే అంకె చెప్పండి. ఆఖరి మాట ఇలా ఉండాలి: ‘రేపు ఈ వేళ వరకూ పక్కన పెడతానమ్మా. వద్దనుకుంటే ఏమీ చెప్పక్కర్లేదు, మళ్లీ అరలో పెట్టేస్తాను.’ ఫోను ఇచ్చే స్వేచ్ఛ అదే. మీ నోటి నుంచి వస్తే దానికి అభిమానం కూడా తోడవుతుంది.

శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు పొందూరు ఖద్దరు గురించి అడుగుతారు కాబట్టి ఒక్క ముక్క. వాలుగ చేప దవడ ఎముకతో దూది దువ్వి, రాట్నం మీద చేత్తో వడికిన నూలు అది. ఆ నూలులో సన్నం, లావు తేడాలుంటాయి. మిల్లు నూలు గీత గీసినట్టుంటుంది. దూరం నుంచి తీసిన ఫొటోలో రెండూ ఒకటే. గుడ్డని కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టి, ఫోను జానెడు దూరంలో ఉంచి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీయండి. పోగులో ఎగుడుదిగుళ్లు కనబడతాయి. అవి లోపం కాదని, చేతి గుర్తని పక్కనే రాయండి. రాయకపోతే అదే కారణం చెప్పి వాపసు పంపుతారు.

కిరాణా వాట్సాప్ ఆర్డర్లలో ఎక్కువ తగాదాలు రెండిటి వల్లే. ‘కందిపప్పు 1, నూనె 2’ అని చీటీ ఫొటో వస్తుంది. కిలోనా, ప్యాకెట్టా? నూనె లీటరంటే సుమారు 910 గ్రాములు. అంతకన్నా తక్కువ తూకం ప్యాకెట్లూ ఉన్నాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కట్టడానికి ముందే ప్రతి వస్తువుకీ బ్రాండు, తూకం, ధర, కింద మొత్తం తిరిగి రాసి పంపండి. ‘సరే’ అని వచ్చాకే కట్టండి. రెండోది, లేని సరుకు బదులు ఇంకోటి వేసెయ్యడం. తెలిసిన ఇల్లే కదా అని వేస్తాం. తెలిసిన ఇల్లు కాబట్టే వాళ్లు తిప్పి పంపరు, వాడతారు, వచ్చే నెల నుంచి యాప్‌లో కొనుక్కుంటారు. సరుకు లేకపోతే లేదని చెప్పండి.

ఇంకోటి, పండగ మెసేజ్‌లు. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందే పడతారు. అందులోనూ మీ నంబరు తమ ఫోన్లో దాచుకున్నవాళ్లకే చేరుతుంది. ‘ఎవరూ జవాబివ్వట్లేదు’ అనేవాళ్లు ముందు ఇది చూసుకోండి. బిల్లు వేసేటప్పుడే, కొట్టు పేరుతో నంబరు దాచుకోమని అడగండి. నెలకి రెండు మెసేజ్‌లు చాలు. రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు పంపితే మీ మెసేజ్‌లని మ్యూట్ చేసేస్తారు, అది కూడా మొహమాటానికి మీకు చెప్పకుండా.

ప్రశ్నలుంటే అడగండి.

— ఫోను తీసి చూపిస్తారండీ, ఇదే చీర అక్కడ మూడొందలు తక్కువని. అప్పుడేం చెయ్యాలి?

ఫోను చేతిలోకి తీసుకుని చూడండి, చిన్నబుచ్చుకోకండి. గుడ్డ పేరు, పొడవు, జాకెట్టు ముక్క ఉందా, కొరియరు ఎంత, వాపసు చేస్తే ఏమైనా పట్టుకుంటారా, ఇవి వరసగా ఆవిడ చేతే చదివించండి. చాలాసార్లు అక్కడ ‘సిల్కు’ అని ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో ‘ఆర్ట్ సిల్కు’ (అంటే కృత్రిమ పట్టు) అనో ‘పాలిస్టర్’ అనో ఉంటుంది. నిజంగా రెండూ ఒకటే అయితే, మీకు గిట్టుబాటు కాకపోతే, ‘అక్కడే తీసుకోమ్మా, ఫాల్ నేను కుట్టించి ఇస్తాను’ అనండి. మూడొందల కోసం వాదించిన కొట్టుకి పెళ్లి బేరం రాదు.

— ఏడు రోజుల్లో తెస్తే డబ్బు వాపసంటే, పెళ్లికి కట్టుకుని తెచ్చేసేవాళ్లు ఉండరాండీ?

ఉంటారు. కొద్దిమందే. ఇంటికెళ్లి రెండు రాత్రులు బీరువాలో ఉన్న చీరని మళ్లీ మడిచి తేవడానికి చాలామందికి మనసొప్పదు, అది ఇందాక చెప్పిన ‘నాది’ అన్న భావమే. తెచ్చినప్పుడు మాత్రం నాలుగు చోట్ల చూడండి. ఎడమ భుజం మీదికొచ్చే చోట పిన్ను రంధ్రాలు, కుచ్చిళ్ల దగ్గర నిలువు ముడతలు, పాదాల దగ్గర అంచుకి మట్టి, నడుము దగ్గర చెమట వాసన. ఇంతకన్నా సులువు, ట్యాగు వేసే చోటు మార్చండి. మనం లోపలి కొసకి వేస్తాం, కట్టుకుంటే కనబడదు. కొంగు చివర, బయటి వైపు వెయ్యండి. దాన్ని వేలాడేసుకుని పెళ్లికి ఎవరూ వెళ్లరు. ప్లాస్టిక్ పిన్ను పట్టు మీద వాడకండి, పోగు లాగేస్తుంది. సన్న సూది, నూలు దారం, అంచు దళసరిగా ఉన్నచోట ఒక్క కుట్టు. ముడి వేశాక దారం కొసలు మరీ దగ్గరికి కత్తిరించకండి, చూసుకోకుండా లాగితే ముడితోపాటు జరీ వస్తుంది.